చిలుకూరి వారికి ‘హెచ్’ లేదు

రాయలసీమకు ఆ పేరు పెట్టినవారెవరు? ఈ ప్రశ్నను అంతర్జాలంలో వేసి చూడండి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారని కొన్ని పుటలు చెబుతాయి. చిలుకూరి నారాయణరావు గారని మరికొన్ని చెబుతాయి. ఇద్దరినీ ఒకే వాక్యంలో ఇరికించి తప్పుకునేవీ ఉన్నాయి. సందర్భం విషయంలో పేచీ లేదు: 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగినప్పుడు దత్తమండలాలవారు సమావేశమయ్యారు, ‘దత్త’ అన్న అవమానకరమైన మాటను వదిలి ‘రాయలసీమ’ అన్న పేరును స్వీకరించారు. పేచీ అంతా ఆ పేరును ప్రతిపాదించిన వ్యక్తి గురించే. ఈనాటి పరిశోధకులు ఎక్కువగా చిలుకూరి వారి వైపు మొగ్గుతున్నారు, నాకూ అదే సమంజసమనిపిస్తుంది. అయితే నేనిక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. నన్ను కలవరపెట్టే సంగతి వేరు. రెండు పక్షాల రాతల్లోనూ ఆధారం చూపినవి బహు తక్కువ. ఒకరు రాసినదాన్ని మరొకరు ఎత్తి రాసుకోవడం, ఆ మరొకరిని చూపి మొదటివారు తమ మాట రుజువైందనుకోవడం, ఇదీ వరస.

1928 అంటే శాతవాహనుల కాలమేమీ కాదు. అప్పటికి అచ్చుయంత్రాలున్నాయి, పత్రికలున్నాయి, సభల నివేదికలు వేసే అలవాటుంది. అనంతపురం నుంచే పప్పూరి రామాచార్యులు గారి ‘శ్రీసాధన’ వారపత్రిక 1926 నుంచి వెలువడుతోంది. చిలుకూరి వారు అదే ఊళ్ళో దత్తమండల కళాశాలలో అధ్యాపకులు. పత్రికా ఆ ఊరిదే, పండితుడూ ఆ ఊరివాడే, సభ జరిగిందేమో పక్క జిల్లాలో. ఇంత దగ్గరి సంగతికి అచ్చుకాగితం మీద సాక్ష్యం లేకుండా ఎలా ఉంటుంది? అది ఏ ఊరి బీరువాలో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది గ్రంథాలయ సూచి. మనలో చాలామంది గూగులమ్మను అడిగి, ఆమె మౌనం వహిస్తే ‘దీని గురించి ఎవరూ ఏమీ రాయలేదు’ అని తీర్మానించేస్తాం. వెతుకుడు యంత్రం జాలంలో ఉన్నదాన్ని చూపిస్తుంది. విశ్వవిద్యాలయాల ఆన్‌లైను సూచి జాలంలో లేనిదాన్ని, అంటే అట్టలు వేసి అరల్లో పెట్టినదాన్ని చూపిస్తుంది. రెండూ ఒకే తెర మీద కనబడుతున్నాయి గనుక రెండూ ఒకటే అనుకోవడం వల్ల మన సాహిత్య చర్చలకు కలుగుతున్న నష్టం చిన్నది కాదు. సీమ విషయంలో ఈ నష్టం మరీ ఎక్కువని నా అభిప్రాయం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేల గురించి రాసేటప్పుడు ‘ఇక్కడ ఏముంటుందిలే’ అన్న ధోరణి రాసేవారికి తెలియకుండానే కలంలోకి వచ్చి చేరుతుంది. కరువు, కక్షలు, వేరుశనగ - అక్కడితో వ్యాసం పూర్తి.

సరే, సూచిని తెరిచామనుకుందాం. షికాగో విశ్వవిద్యాలయానిదో, విస్కాన్సిన్‌దో, లేదా వేలాది గ్రంథాలయాలను ఒకచోట కలిపి చూపే వరల్డ్‌క్యాటో. మనం అలవాటుగా కొట్టే రోమను స్పెల్లింగులో చిలుకూరి వారి పేరు వేస్తాం. దొరికితే అదృష్టం, చాలాసార్లు దొరకదు. ‘ఆంధ్రభాషా చరిత్రము’ అంతటి గ్రంథం, 1937లో ఆంధ్ర విశ్వవిద్యాలయం రెండు సంపుటాలుగా వేసినది, ఇంత పెద్ద గ్రంథాలయంలో లేకపోవడమా అని ముక్కున వేలు వేసుకుంటాం. పుస్తకం అక్కడే ఉంటుంది. అక్షరాలు వేరు, అంతే.

అమెరికా గ్రంథాలయాలు తెలుగు పేర్లను రోమను లిపిలోకి మార్చేటప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు వారూ అమెరికన్ గ్రంథాలయ సంఘం వారూ కలిసి నిర్ణయించిన ఒక పట్టికను పాటిస్తాయి. ఆ పట్టికలో ‘చ’ అంటే ‘సి’ ఒక్కటే. ‘సి’ పక్కన ‘హెచ్’ పెడితే అది ‘ఛ’ అయి కూర్చుంటుంది. కనుక చిలుకూరి వారికి ‘హెచ్’ లేదు. చరిత్రకూ లేదు, చంద్రికకూ లేదు, చేనుకూ లేదు. ‘త’కు ‘టి’ మాత్రమే, ‘హెచ్’ చేరిస్తే ‘థ’. అందుచేత లోకమంతా ‘హెచ్’తో రాసే పుట్టపర్తి, అక్కడ ‘హెచ్’ లేకుండా, ‘ట’లకు కింద చుక్కలతో కనబడుతుంది. చిన్నతనంలో తాను రాసిన ‘పెనుగొండలక్ష్మి’ని విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథంగా తానే చదువుకోవలసి వచ్చిన నారాయణాచార్యులు గారిని ఆ సూచిలో పట్టుకోవాలంటే ‘ఆచార్యులు’లోని ‘హెచ్’ను కూడా తీసేయాలి. ‘శ’, ‘ష’ - రెండింటికీ ‘ఎస్’ ఒక్కటే, గుర్తులు మాత్రం తేడా. ‘ఎస్’ పక్కన ‘హెచ్’ పెట్టే అలవాటు అక్కడ చెల్లదు. ‘ఈ’కి రెండు ‘ఇ’లు, ‘ఊ’కి రెండు ‘ఓ’లు పెట్టడమూ చెల్లదు. దీర్ఘానికి అక్షరం నెత్తిన గీత ఉంటుంది. ఈ చుక్కలూ గీతలూ మనం కొట్టనక్కరలేదు, చాలా సూచీలు వాటిని పట్టించుకోకుండా వెతుకుతాయి. మూల అక్షరం మాత్రం సరిగా ఉండాలి. ఇక సున్న ఒక వింత జీవి. తర్వాతి అక్షరాన్ని బట్టి అది మారిపోతుంది: ‘పంప’లో ‘ఎమ్’, ‘అనంత’లో ‘ఎన్’, ‘పంచ’లోనూ ‘కొండ’లోనూ ‘ఎన్’కు వేరు వేరు గుర్తులు. మన వ్యాకరణం చదువుకున్నవారికి ఇందులో కొత్తేమీ లేదు, వర్గానునాసికాలే. పరసవర్ణం గురించి పాఠం చెప్పిన పంతులుగారికి అది షికాగోలో పనికొస్తుందని తెలిసి ఉంటే ఇంకాస్త శ్రద్ధగా చెప్పేవారేమో.

ఆ తర్వాత ఇంటిపేరు. మనం ముందు చెప్పే ఇంటిపేరు అక్కడ చాలాసార్లు వెనక్కు వెళుతుంది: నారాయణరావు, కామా, చిలుకూరి. ‘రావు’ అన్నదాన్ని మనం ఇంగ్లీషులో మూడు అక్షరాలతో ముగిస్తాం, వారు ‘రావు’ అని తెలుగులో పలికినట్టే ‘వి’, ‘యు’ చేర్చి రాస్తారు. నిజానికి ఇది మనకంటే వారే తెలుగుకు విధేయులుగా ఉన్న సందర్భం. సమాసాలను కలిపి రాయాలా విడదీయాలా అన్నచోట మాత్రం వారిలోనూ ఏకసూత్రత లేదు. ‘ఆంధ్రభాషా’ అని కలిపీ ‘ఆంధ్ర భాషా’ అని విడదీసీ రెండుసార్లు వెతకడం మేలు. పదం చివర నక్షత్రం గుర్తు పెట్టి వదిలేస్తే ‘చరిత్ర’తో పాటు ‘చరిత్రము’, ‘చరిత్రలు’ కూడా వస్తాయి. మన ప్రథమావిభక్తి ప్రత్యయాలు ఎన్ని వేషాలు వేస్తాయో తెలిసినవారికి ఈ నక్షత్రం విలువ చెప్పనక్కరలేదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వెతికి అలసిపోయిన పాత మిత్రులకు ఇంకో లిప్యంతరీకరణం గుర్తుండే ఉంటుంది. అక్కడ దీర్ఘాలకు రెండేసి అచ్చులు, సున్నకు ‘ఎన్’ మీద ఒక అపాస్ట్రఫీ. ఆ స్థలం మూతపడ్డా ఆ పుస్తకాల్లో చాలాభాగం ఇంటర్నెట్ ఆర్కైవులో బతికే ఉంది, ఆ పేర్లతోనే. అంటే ఒకే పుస్తకానికి షికాగోలో ఒక పేరు, ఆర్కైవులో ఒక పేరు, మన నోట ఇంకో పేరు. తెలుగులో ‘చరిత్ర’ అని మూడు అక్షరాలు కొడితే మూడు చోట్లా దొరికే రోజు కోసం యూనికోడు వచ్చినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాం. కొత్త నమోదుల్లో కొన్నిటికి తెలుగు లిపి చేరుతోంది గాని, పాత పుస్తకాల్లో అధికభాగం ఇంకా రోమను ముసుగులోనే ఉన్నాయి.

అసలు ఈ పుస్తకాలు అంత దూరం ఎలా వెళ్ళాయి? ఇది చెప్పుకోదగిన కథ. 1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 చట్టం కింద మనకు గోధుమలు వచ్చాయి. వాటికి మనం డాలర్లలో కాక రూపాయల్లో చెల్లించాం. ఆ రూపాయలు ఇక్కడే పోగుపడ్డాయి. వాటిలో కొంత సొమ్ముతో మన దేశపు పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపే ఏర్పాటు జరిగింది. 1962లో ఢిల్లీలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు కార్యాలయం వెలసి, హిందీ, తమిళం, తెలుగు అనకుండా కొని, సూచీపత్రాలు రాసి, ఓడలకెక్కించింది. చిన్న ఊళ్ళ ప్రచురణలు, రచయితలు సొంత ఖర్చుతో వేసుకున్న కవితా సంపుటాలు కూడా ఆ మూటల్లో వెళ్ళాయి. కరువు రోజుల్లో మనవాళ్ళు తిన్న గోధుమల వెల ఇవాళ మిషిగన్ సరస్సు ఒడ్డున తెలుగు పుస్తకాల వరుసలై నిలబడి ఉంది. మనందరం రోజూ వాడుకునే బ్రౌణ్య నిఘంటువు ఆన్‌లైను ప్రతి షికాగో విశ్వవిద్యాలయపు చలవేనన్నది కూడా ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. దీన్ని సాంస్కృతిక దోపిడీ అనేవారున్నారు. నేను ఒప్పుకోను. వెల ఇచ్చి కొన్నారు, జాగ్రత్త చేశారు, ఏది ఉందో లోకానికంతా చెప్పారు. వారు కొన్న పుస్తకానికే ఇంకో ప్రతి ఇక్కడ కూడా ఉండేది కదా, దాన్ని మనమేం చేశామన్నది మనలను మనం అడుక్కోవలసిన ప్రశ్న.

అనంతపురం గురించి వెతికేవారు అక్షరాలతో పాటు సరిహద్దులను కూడా ఎరిగి ఉండాలి. ఈ జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడిపడి పుట్టింది. అంతకు ముందటి సంగతులన్నీ ‘బళ్ళారి’ కిందనే ఉంటాయి. జాన్ కెల్సాల్ 1872లో రాసిన బళ్ళారి జిల్లా మాన్యువల్‌లో ఉన్నది సగం మన కథే. ధాత సంవత్సరపు కరువు, అంటే 1876 నుంచి 78 దాకా సాగిన మహాక్షామం, ఈ పీఠభూమిని తుడిచిపెట్టింది. దాని గురించి అనంతపురం పేరుతో వెతికితే చేతికందేది స్వల్పం. బళ్ళారి అని, మద్రాసు ప్రెసిడెన్సీ అని, క్షామాలు అని వెతికితే విలియం డిగ్బీ 1878లో వేసిన రెండు సంపుటాలూ, ప్రభుత్వ నివేదికలూ బయటపడతాయి. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ గెజిటీరు అనంతపురానికి 1905లో వచ్చింది, కాని అందులో కదిరి ఉండదు. కదిరి 1910 దాకా కడపది. రాయదుర్గం ఆ తర్వాత కూడా చాలాకాలం బళ్ళారిదే. ఇక 2022 ఏప్రిల్‌లో జిల్లా మళ్ళీ రెండయింది: పెనుకొండ, లేపాక్షి, హిందూపురం, ధర్మవరం, కదిరి, పుట్టపర్తి అన్నీ శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి. రేపు ఎవరైనా కుర్రవాడు కొత్త జిల్లా పేరుతో లేపాక్షి మీద పాత పుస్తకాలు వెతికి, ఏమీ లేవని నిరాశపడకుండా ఉంటే బాగుండును. సూచీల్లో ‘విషయం’ అన్న గడి ఒకటుంటుంది. దొరికిన ఒక మంచి పుస్తకం నమోదు తెరిచి, అందులో ఆ గడి కింద ఉన్న మాటలను నొక్కితే దాని తోబుట్టువులన్నీ వరుసగా వచ్చి నిలుస్తాయి. నేను వెతుకులాట ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతాను. పేరు తెలిసిన పుస్తకం కంటే పేరు తెలియని పుస్తకమే ఎక్కువ అవసరం పడుతుంది కదా.

ఇంతకీ సూచి తయారుచేయడం మనకు రాని విద్యా? తిరుమల రామచంద్ర గారు ధర్మవరం ప్రాంతంవారు. ఆయన లాహోరులో ప్రాచ్యలిఖిత గ్రంథాలకు సూచీలు రాసే పని చేశారు. తాళపత్రానికి వర్ణనాత్మక సూచి రాయడమంటే ఎన్ని ఆకులు, ఆకుకు ఎన్ని పంక్తులు, ఏ లిపి, ఎక్కడ చెదలు తిన్నది, మొదటి మాటలేవి, చివరి మాటలేవి, రాసిన వ్రాయసగాడు ఎవరు - ఇవన్నీ చూసి చెప్పాలి. పుస్తకాన్ని చూడనివాడు కూడా దాన్ని గుర్తుపట్టగలగాలి. అంతటి పని చేసి వచ్చిన మనిషి తర్వాత ‘మన లిపి పుట్టుపూర్వోత్తరాలు’ రాశారు. మన లిపి చరిత్ర చెప్పే ఆ పుస్తకాన్ని కూడా చాలా సూచీల్లో మన లిపిలో వెతకలేకపోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

దీనికి పక్కన మా ప్రాంతంలోనే ఒక గ్రంథాలయం (పేరు అనవసరం) తయారుచేయించిన కంప్యూటరు జాబితాను పెట్టి చూశాను. ఒకే రచయిత మూడు స్పెల్లింగులతో ముగ్గురయ్యాడు. ప్రచురణ సంవత్సరం ఉండవలసిన గడిలో వెల ఉంది. సంపుటాల సంఖ్య ఎక్కడా లేదు. తెలుగు సాహిత్యానికి డ్యూయీ పద్ధతిలో 894.827 అన్న సంఖ్య ఉంది, అయినా తెలుగు పుస్తకాలన్నిటినీ ‘తెలుగు’ అన్న ఒక్క మాట కింద కుప్పపోశారు. జాబితా చేసిన కుర్రవాళ్ళను నేను తప్పుపట్టను. రోజుకిన్ని పుస్తకాలని లెక్క కట్టి కూలి ఇచ్చే పని అది. అందులో ఎవరైనా పుట తిప్పి చూస్తారా? అయితే ఆ జాబితా పుణ్యమా అని పాత కార్డు బీరువా మూలకు చేరింది. కార్డులో ఎవరో గుమాస్తా ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగులో రాసిన పేరు, సంవత్సరం, ముద్రణాలయం అన్నీ ఉన్నాయి. కంప్యూటరులోకి ఎక్కే దారిలో అవన్నీ జారిపోయాయి.

ఇది డబ్బుతో కూడిన సమస్య అని అందరూ అంటారు. కొంతవరకే. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం స్థాపించి, తెలుగు కథల వివరాలు రచయిత వారీగా, పత్రిక వారీగా సేకరించి పెట్టారు. అది ఇప్పుడు జాలంలో తెలుగు లిపిలోనే వెతకడానికి వీలుగా ఉంది. పుస్తకం దాకా కూడా ఆగలేదు, పుస్తకంలోని, పత్రికలోని ఒక్కొక్క కథకూ లెక్క చెప్పారు. ఏ విశ్వవిద్యాలయమూ చేయని పనిని ఒక లెక్కల మాస్టారు మిత్రుల సాయంతో చేశారంటే, తక్కిన లోటేమిటో గ్రహించవచ్చు.

పత్రికల మాటకొస్తే సూచీల బలహీనత పూర్తిగా బయటపడుతుంది. పుస్తకానికి ఒక నమోదు చాలు. వారపత్రికకు ‘ఉంది’ అంటే సరిపోదు, ఏ సంపుటం, ఏ సంచిక అన్నది చెప్పాలి. ‘1926-’ అని రాసి గీత గీసి వదిలేస్తే, ఆ గీత వెనుక యాభై సంచికలున్నాయో ఐదున్నాయో అక్కడికి వెళ్ళి చూసేదాకా తెలియదు. అలా వెళ్ళి చూసినవారి వల్ల ఏం జరుగుతుందో మన కళ్ళెదుటే ఉదాహరణ ఉంది. అప్పిరెడ్డి హరినాథరెడ్డి గారు శ్రీసాధన పాత సంచికలను గాలించి ‘సీమ సాహితీ స్వరం శ్రీసాధన పత్రిక’ అన్న పుస్తకం రాశారు. 2014లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. రాయలసీమలో ఆధునిక కథ బాగా ఆలస్యంగా పుట్టిందని విమర్శకులు దశాబ్దాలపాటు చెబుతూ వచ్చిన మాట ఆ పాత కాగితాల ముందు నిలబడలేదు. కథలు అచ్చయ్యే ఉన్నాయి. విమర్శకులు చూసిన గ్రంథాలయాల్లో ఆ పత్రిక లేదు, అంతే. కోస్తా పత్రికల సంపుటాలు దొరికాయి గనుక కోస్తాలో కథ ముందు పుట్టిందనుకున్నారు. సాహిత్య చరిత్ర అనుకున్నదాంట్లో కొంత భాగం నిజానికి బైండింగుల చరిత్ర అన్నమాట.

అందుకే ఒక విన్నపం. మనం టపాల్లో ‘ఫలానావారు ఎక్కడో రాశారు’ అనడం మానుకుని, పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పుట సంఖ్య, చూసిన గ్రంథాలయం - ఈ నాలుగూ తెలుగు లిపిలో రాద్దాం. అప్పుడు మన టపాయే ఒక చిన్న సూచీపత్రం అవుతుంది, తెలుగులో వెతికేవాడికి దొరుకుతుంది. విశ్వవిద్యాలయాల్లో పనిచేసే మిత్రులు శోధగంగలోని సీమ సిద్ధాంతవ్యాసాల చివరి పుటలు తెరిచి, ఆధారగ్రంథాల పట్టికలను కాస్త బయటకు తేగలిగితే ఇంకా మంచిది. కొన్నిసార్లు వ్యాసం కంటే ఆ పట్టికే విలువైనదిగా ఉంటుంది, వ్యాసకర్తలు మన్నించాలి. చిలుకూరి వారు 1952లో గతించారు. మన చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్ళకు హక్కులు తీరిపోతాయి కనుక 2013 నుంచి ఆయన రచనలు అందరి సొత్తు. వాటిని స్కాను చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇక మొదటి ప్రశ్నకు సంబంధించినంతవరకు నాకు కావలసినవి 1928 నవంబరు, డిసెంబరు నెలల శ్రీసాధన సంచికలు, ఆ నెలల్లోనే ఇతర తెలుగు పత్రికల్లో వచ్చిన నంద్యాల సభల వార్తలు. ఎవరో చదివి చెప్పినవి కావు, పుటలను నా కళ్ళతో చూడాలి. మీ ఊరి శాఖా గ్రంథాలయంలోనో, తాతగారి అటక మీదో అట్ట ఊడిన సంపుటం ఏదైనా కనబడితే, దయచేసి అమ్మకానికి వేసేముందు మొదటి సంచిక తేదీ, చివరి సంచిక తేదీ, మధ్యలో ఏవి లేవో రాసిపెట్టి తెలియజేయండి. నంద్యాల, ఆదోని, తాడిపత్రి, హిందూపురం మిత్రులను ప్రత్యేకంగా అడుగుతున్నాను.